అన్నీ నార్మల్

దేవరకొండ బస్టాండు వెనక మా మిద్దె.
వానకు ముఖం చాటేసిన ఆషాఢం గాలి.
ఏడు ఇరవైకి డిండి దిక్కునుంచి ఒక విమానం వస్తది,
చక్రాలు ఇంకా దించదు, లైట్లు మాత్రం వేసుకుంటది.
కింద నిలబడి దాని ఎత్తు చెప్పగలను.
అడిగేటోళ్లే లేరిప్పుడు.

జనవరిలో, విశాఖ నుంచి వచ్చి దిగినంక,
సిబ్బంది బస్సులో కూర్చున్న.
ఎడమచేతి మూడు వేళ్లు నావి కాకుండ పోయినయి.
ఎదుటి సీటు వెనక రాసిన పేరులో
ఎడమ సగం లేదు.
వాచీ చూసుకున్న. పదకొండు సెకన్లు.
ఇంజను ఆగిపోయినా సరే
ముందు వాచీ చూడమని నేర్పిన సారు గుర్తొచ్చిండు.
మళ్ల వేళ్లొచ్చినయి, పేరొచ్చింది.
పక్కనున్న కెప్టెను ఫోన్ల కూతురికి
హోంవర్కు చెప్తుండె. చూడలేదు.

ఎవ్వరూ చూడలేదు.
నేనే రాసిన, తెల్లారి, ఫారంలో,
"గత తనిఖీ తర్వాత ఏవైనా లక్షణాలు?"
అన్న గడిలో.

అప్పటినుంచి
తలకు తీగలంటించి నిద్రపొమ్మన్నరు,
నిద్ర నటించిన.
గుండెకు డబ్బా కట్టుకొని రెండు రోజులు తిరిగిన.
మంచానికి నన్ను కట్టి
మంచాన్నే నిలబెట్టిన్రు.
నల్లగొండదాన్నని తెలిసి ఒక డాక్టరు పళ్లు చూపమన్నడు.
ఇవి కృష్ణ నీళ్లు తాగిన పళ్లు సార్,
మా నాయినవి చూడాలె మీరు.

అన్నీ నార్మల్.
పక్కింటి లింగమ్మత్త చేతులు జోడించింది:
"ఇంకేంది బిడ్డా, మంచిదే గద!"
ఎట్ల చెప్పాలె ఆమెకు?
రోగం దొరికితే దానికో పేరాగ్రాఫు ఉంటది,
గోలీ ఉంటది, గడువుంటది,
మళ్ల ఎక్కే తారీఖు ఉంటది.
దొరకని దానికి పుస్తకంల పేజీ లేదు.
ఎందుకొచ్చిందో తెల్వనిది
ఎప్పుడొస్తదో ఎవరు చెప్తరు?
అందుకే తాత్కాలికంగా అనర్హురాలు, మూడు నెలలు.
మళ్లీ మూడు నెలలు.

వాళ్లది తప్పనను.
నా చెల్లె చంటిపిల్లను ఒళ్లో పెట్టుకొని
ఇరవై రెండో వరుసలో కూచుంటే
నేను కూడ అదే సంతకం చేద్దును.
ఇట్ల ఒప్పుకున్న రాత్రి కూడ
కన్ను మూతపడలేదు.

నాయిన దేవరకొండ డిపోల డ్రైవరు.
మల్లేపల్లి ప్లాటు అమ్మి నాకు రెక్కలు కొన్నోడు.
నిన్న రాత్రి రెండు గ్లాసుల చాయ్ పట్టుకొని మిద్దెక్కిండు.
కంటి పరీక్షకు పోయినప్పుడల్లా
కింది వరుస అక్షరాలు బట్టీ పట్టేటోణ్నని చెప్పి నవ్విండు.
నవ్వు ఆగినంక చాలాసేపు గ్లాసునే చూసిండు.

"తొంభై ఎనిమిదిల. డిండి వంతెన మీద.
రోడ్డు తెల్లగైంది బిడ్డా. ఎండ గాదు. తెల్లగ.
యాభై నాలుగు టికెట్లు కొట్టిండు కండక్టరు,
పిల్లలను లెక్క వెయ్యలే.
మళ్ల చెట్లొచ్చినయి. స్టీరింగు చేతులనే ఉంది.
ఎవ్వలికి చెప్పలే, మీ అమ్మక్కూడ.
చెప్తే నిన్ను బడికెట్ల తోల్దు?"

ఆ తర్వాత పదకొండేండ్లు నడిపిండు.
బస్సుకు గీత పడలేదు.
ప్రమాదం లేని సర్వీసుకు ఇచ్చిన శాలువ ఫోటో
ముందర్రూంల ఇప్పటికీ వేలాడుతుంది,
దాని కిందనే టై కట్టుకొని నేను బడికి పోయిన.

కోపం రావాలనుకున్న. రాలే.
మెచ్చుకోవాలనుకున్న. అదీ రాలే.
యాభై నాలుగు మంది మాత్రం
చీకట్ల వరుసగా కూచున్నరు,
మొక్కజొన్న కంకులు తింటూ, కిటికీకి తల ఆనించి,
దేన్నుంచి బయటపడ్డరో తెల్వకుండ.

"నీది ఎంతసేపన్నవ్?"
"పదకొండు సెకన్లు."
"నేను లెక్కవెట్టలే" అన్నడు నాయిన,
అదొక్కటే తన తప్పన్నట్టు.

ఇయ్యాల ఏడు ఇరవై విమానం ఆలస్యం.
మంగళవారం మళ్ల బోర్డు పిలుపు,
ఫైలు దిండు కింద ఉంది.
ఇద్దరం తలెత్తి
డిండి దిక్కు చూస్తున్నం.